హుర్షిత్ డేగ, నాజిఫే ఈగలు

డేగల కాలం వచ్చిందంటే నాజిఫేకి తన ఇంట్లో తనకే ముద్ద దిగేది కాదు. ఎలా దిగుతుంది? రొట్టెల బుట్ట పక్కనే రేకు డబ్బా, అందులో బతికున్న కుమ్మరి పురుగులు గరగరలాడుతూ ఉంటాయి. పొయ్యి పక్క గూట్లో సగం పీకిన పిచ్చుక. పరుపు మీద తెల్లటి రెట్ట చార. వీటన్నిటి మధ్య ఆమె మొగుడు హుర్షిత్, చేతి మీద కొత్త డేగను కూర్చోబెట్టుకుని, పచ్చి మాంసం ముక్కను తన నోట్లో వేసుకుని నమిలి, మెత్తబడ్డాక పెదాల మధ్య పెట్టి దానికి అందిస్తుంటాడు. అది లాక్కుని మింగితే, పసిబిడ్డ మొదటి ముద్ద తిన్నట్టు మురిసిపోతాడు. ఆ తరవాత అదే నోటితో టీ అడుగుతాడు.

“ముందు నోరు కడుక్కో,” అనేది నాజిఫే.

“టీ తాగితే అదే కడుగుతుందిగా.”

ఛీ! పాతికేళ్ళ కాపురంలో ఆమె ఆ నోటికి అలవాటు పడలేదు. పడకపోవడమే మంచిదయిందని నేనంటాను.

మా లోయలో మగాళ్ళందరికీ ఈ పిచ్చి ఉంది. వేసవి చివర్లో పొలాల్లో కుమ్మరి పురుగులు తవ్వుతారు. పురుగును చూపించి గాజో అనే చిన్న పిట్టను పట్టుకుంటారు. ఆ గాజోను కర్రకు కట్టి, గట్టు మీద ఆకుల గుడిసెలో నక్కి, దాన్ని ఎగరేసి చూపించి వలలో డేగను పడతారు. ఆ డేగను చేతి మీద మోసి మోసి మచ్చిక చేసి, దానితో పూరేడు పిట్టల్ని వేటాడతారు. పురుగుతో పిట్ట, పిట్టతో డేగ, డేగతో పూరేడు. ఇంత బారు గొలుసు లాగితే చివర చేతికొచ్చేది పిడికెడు మాంసం. దీనికోసం టీ ఆకు ముదిరిపోయినా సరే, మొక్కజొన్న కోతకొచ్చి వాలిపోయినా సరే. కోసుకోవడానికి పెళ్ళాలున్నారుగా!

ఆ పిచ్చివాళ్ళలోనూ హుర్షిత్ పెద్ద పిచ్చివాడు. టీ కొట్లో అతను కూర్చుంటే పక్కవాళ్ళు జరిగి చోటిస్తారు, డేగ రెక్క రంగు చూసి అది ఎన్ని కొడుతుందో చెప్పమంటారు. ఇంటికొస్తే మాత్రం దూలానికి ఉట్టి కట్టమన్నా ఆ పని మూడు చలికాలాలు పడుతుంది.

నాజిఫేది ఈగల ఇల్లు. తండ్రి తేనెటీగలవాడు. లిండెన్ చెట్టు మొద్దును నిలువునా చీల్చి, లోపల తొలిచి, రెండు చెక్కలూ మళ్ళీ కలిపి బిగించి, మూతలకు పేడా బూడిదా మెత్తి, ఎలుగుబంటికి అందకుండా పెద్ద చెట్ల పంగల్లో ఈగల గూళ్ళుగా పెట్టేవాడు. కొడుకులు చెట్టెక్కడానికి బద్ధకిస్తే కూతురు ఎక్కింది. పెళ్ళయ్యాక కూడా మానలేదు. “ఆడది చెట్టెక్కితే తేనె చేదెక్కుతుంది,” అని అత్తగారు మూతి తిప్పేది. మా చెస్ట్‌నట్ పూల తేనె ఎవరెక్కినా చేదే, ఆ సంగతి ముసలమ్మకూ తెలుసు.

కాపురానికి వస్తూ ఆమె పుట్టింటి నుంచి ఈగలున్న ఒక మొద్దు తెచ్చుకుంది, అప్పటికింకా తేనె పట్టనిది. కన్నానికి నాచు కుక్కి, బుట్టలో పెట్టి, వీపున మోసుకుని గట్టు దాటించింది. దాని నుంచి విడిపోయిన పిల్ల తేనెపట్లే ఏళ్ళు గడిచేకొద్దీ లోయ నిండా అయ్యాయి. అయితే రెండేళ్ళ కిందట ఈగలకు ఏదో తెగులొచ్చి ఒక్కొక్క మొద్దూ ఖాళీ అయిపోయింది. ఒక్కటి నిలిచింది, తండ్రి ఇచ్చిన ఆ మొదటి పట్టు. కొండ మీది ఊళ్ళో హుర్షిత్ అక్క షాదియేకి ఎప్పుడో ఇచ్చిన పిల్ల పట్టొకటి బతికిందని విన్నది. కింద తనకంటూ ఉన్నది ఈ ఒక్కటే. ఇది పోతే తండ్రి ఈగలు తన చేతిలో పోయినట్టే.

అలాంటి పట్టు దగ్గర కిందటేడు ఒక పొద్దున హుర్షిత్‌ని చూసింది. చెట్టుకు నిచ్చెన వేసి, కన్నం దగ్గర కూర్చుని, బయటికొచ్చిన ఈగను వచ్చినట్టు రెండు వేళ్ళతో నొక్కి గాజో పిట్టకు తినిపిస్తున్నాడు.

“ఏం చేస్తున్నావయ్యా!”

“పురుగులు దొరకలేదే. నాలుగు ఈగలేగా, ఎందుకలా అరుస్తావు?”

ఆమె ఆ రోజు నిచ్చెన విరగ్గొట్టి పొయ్యిలో పెట్టింది. అతను దానికీ నవ్వాడు. టీ కొట్లో చెప్పుకుని మరోసారి నవ్వాడు.

అది జరిగిన మరుసటి సెప్టెంబరులో తుఫాను సూచనలు ఒక మధ్యాహ్నం కనిపించాయి. దూరంగా ఉండాల్సిన కొండలు చెయ్యి చాస్తే అందేట్టు దగ్గరికొచ్చాయి. గాలి లేకుండానే ఏటి మూతి దగ్గర సముద్రం ఘోష పెట్టింది. ఈగలు ఇంకా ఎండ ఉండగానే గుంపులుగా ఇంటికొచ్చి కన్నం దగ్గర ఒకదాన్నొకటి తోసుకున్నాయి, మళ్ళీ ఒక్కటీ బయటికి పోలేదు. రేడియో చెప్పేలోగానే నాజిఫేకి తెలిసిపోయింది, తెల్లారేసరికి వాయవ్యం నుంచి పెద్ద గాలి వస్తుందని.

ఊరు ఊరంతా పండగ చేసుకుంది. ఎందుకు చేసుకోదు? పూరేడు పిట్టలు సముద్రం మీదుగా దక్షిణానికి పోయే రోజులవి. తుఫాను కొడితే పాపం ఆ పిట్టలు రెక్కలు తడిసి, డస్సిపోయి, మా తీరం మీద రాళ్ళు పడ్డట్టు పడతాయి. తెల్లారి పొలంలోకి దిగితే అడుగడుక్కీ ఒకటి లేస్తుంది. లేచి ఎంత దూరం పోతుంది? డేగను విసిరితే దాని కాళ్ళలో పడుతుంది. అలసిపోయిన అతిథి మీద కుక్కను వదిలి దాన్ని వేట అంటారు మావాళ్ళు. నోరున్న ప్రతివాడూ ఆ మధ్యాహ్నం ఆకాశం చూసి చేతులు రుద్దుకుంటున్నాడు. ఆడవాళ్ళు మాత్రం కంకులు ఇంట్లో పడెయ్యాలని, గడ్డి మోపులు కట్టాలని పరుగులు పెడుతున్నారు.

నాజిఫే పట్టున్న చెస్ట్‌నట్ చెట్టెక్కి చూసింది. మొద్దు కూర్చున్న పంగ మొదట్లో నిలువునా నెర్రె పడింది. చెయ్యి పెడితే పట్టేంత నెర్రె. మామూలు గాలికి ఆగుతుందేమో, తుఫానుకు ఆగదు. పట్టును దించాల్సిందే. ఈగలన్నీ లోపలికి చేరాక, పొద్దు వాలే వేళ, కన్నం మూసి, తాడు పై కొమ్మ మీదుగా వేసి, పైన ఒకరు మొద్దును సర్దుతుంటే కింద ఒకరు తాడు కొంచెం కొంచెంగా వదలాలి. తేనెతో నిండిన మొద్దు, దూడంత బరువు. ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు.

ఆమె నేరుగా టీ కొట్టుకి పోయింది. లోపలంతా డేగలే. ప్రతివాడి పిడికిలి మీదా ఒకటి, పొగలో కళ్ళు మిటకరిస్తూ. కొత్త డేగకు మనుషుల సద్దు అలవాటు చెయ్యాలని వాటిని అక్కడ కూర్చోబెడతారు. నేల మీద రెట్ట తొక్కకుండా అడుగు వేసే చోటు లేదు. ఆమె తలగుడ్డ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని గుమ్మంలోనే నిలబడింది.

“ఏవయ్యా, పంగ చీలింది. పొద్దు వాలేసరికి తాడు పట్టుకోవడానికి రావాలి.”

హుర్షిత్ తల తిప్పలేదు. డేగ తోకను పాత గుడ్డతో తుడుస్తున్నాడు. “వస్తాలే.”

“వస్తాలే కాదు. రావాలి. గాలి లేస్తే నేను చెట్టెక్కలేను.”

అతని స్నేహితుడు కాజిమ్ నవ్వాడు. చేతిలో డేగ లేకపోయినా నోట్లో కత్తి ఉండే రకం. “వదినా, అల్లా అందరికీ వాన ఇస్తుంటే నువ్వొక్కదానివే గొడుగు పట్టుకుని తిరుగుతున్నావే! రేపు మా వాడు సంచినిండా పూరేళ్ళు తెస్తాడు. ఈగల్ని వేయించుకు తింటామా ఏంటి?”

“నువ్వు తినేదేంటో నాకు తెలీదు కాజిమ్. నీ మీసానికి మాత్రం ఏదో అంటుకుంది, తుడుచుకో.”

కొట్టంతా గొల్లుమంది. కాజిమ్ నిజంగానే మీసం తుడుచుకున్నాడు.

“వస్తానన్నాగా,” అన్నాడు హుర్షిత్, ఆ నవ్వుకి కొంచెం చిన్నబోయి. “నా మాట మీద నమ్మకం లేదా?”

ఆమెకి నమ్మకం లేదు. కానీ ఇంకెవరున్నారు? మగాళ్ళంతా ఆ కొట్లోనే ఉన్నారు, ఆడవాళ్ళంతా పొలాల్లో ఉన్నారు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. ఆమె ఇంటికి పోయి తాడుకు మైనం రాసి, చెట్టు కింద బుట్ట, దుప్పటి పెట్టుకుని కూర్చుంది.

అతను వచ్చాడు. కాదనకూడదు, వచ్చాడు. ఎడమ చేతి మీద డేగతో వచ్చాడు.

నాజిఫే అప్పటికే పైన ఉంది. కన్నంలో నాచు కుక్కింది, మొద్దుకు తాడు రెండు చుట్లు బిగించింది. కిందకి చూసి, తాను చూస్తున్నది నిజమో కాదో అర్థం కాక కొమ్మ మీంచి ఇంకాస్త వంగింది.

“దాన్ని ఎందుకు తెచ్చావు?”

“దించితే రేపటికి మళ్ళీ అడివిదైపోతుందే. మూడు రోజుల్నుంచి నిద్రపోకుండా మోస్తున్నా. ఇంకొక్క రాత్రి. ఇప్పుడు దించమంటావా?”

“తాడు ఎలా పట్టుకుంటావు?”

“నాకు రెండో చెయ్యి లేదా?”

అప్పుడే మొదటి గాలి తగిలింది. చెట్టు ఒళ్ళు విరుచుకుంది, పంగలో నెర్రె కిర్రుమంది. తిట్టుకోవడానికి కూడా వేళ లేదు. “పక్క చెట్టు మొదలు చుట్టూ తాడు రెండు మెలికలు వెయ్యి,” అంది పైనుంచి. “మెలిక మీదే బరువంతా ఆగుతుంది. నువ్వు ఊరికే కొంచెం కొంచెంగా వదులు. వింటున్నావా? కొంచెం కొంచెంగా.”

“వింటున్నానే తల్లీ, నాకేం కొత్తా?”

కొత్తే. పాతికేళ్ళలో ఆ చెట్టు కింద అతను తాడు పట్టుకున్నది అదే మొదటిసారి. అయినా మొద్దు పంగలోంచి కదిలింది, గాల్లో ఊగింది, నెమ్మదిగా దిగడం మొదలుపెట్టింది. నాజిఫే ఒక చేత్తో కొమ్మను పట్టుకుని, రెండో చేత్తో మొద్దును చెట్టుకు తగలకుండా తోస్తోంది. మొద్దు సగం దూరం దిగింది. లోపల ఈగలు కోపంగా ఝుమ్మంటున్న చప్పుడు ఆమెకి వినిపిస్తోంది. బతికినట్టే అనుకుంది.

గాలి మళ్ళీ ఒక్క పెట్టున వచ్చింది. ఆమె తలగుడ్డను ఊడదీసి ఎగరేసింది. తెల్లగుడ్డ రెపరెపలాడుతూ పోయి డేగ మొహం ముందు నుంచి దిగింది. డేగ ఎగిరిపడి, కాళ్ళకు కట్టిన తోలు పట్టీకి తలకిందులుగా వేలాడి రెక్కలు టపటపా కొట్టుకుంది. హుర్షిత్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. తాడు వదిలేసి రెండు చేతులతో డేగను పట్టుకున్నాడు.

మెలికలు జర్రున జారాయి. మొద్దు నేలను తాకి, కలిపి బిగించిన చోట రెండుగా విచ్చుకుంది.

ఆమె చెట్టు ఎలా దిగిందో ఆమెకే తెలీదు, అరచేతుల తోలు మాత్రం చెట్టు మీద ఉండిపోయింది. కింద తెల్లటి, నల్లటి తేనె అట్టలు చెల్లాచెదరుగా పడి, తేనె మట్టిలోకి ఇంకుతోంది. ఈగలు గాల్లో మబ్బులా లేచి, తిరిగి తిరిగి, చలిగాలికి ఆగలేక దిగడం మొదలుపెట్టాయి. హుర్షిత్ డేగను గుండెలకు హత్తుకుని, కళ్ళు మూసుకుని, బొమ్మలా నిలబడ్డాడు. అప్పటికే చెవి, కనురెప్ప, కింది పెదవి వాచాయి.

నాజిఫే అట్టల్లో రాణి ఈగ కోసం వెతికింది. లేదు. అప్పుడు చూసింది. ఈగలన్నీ ఒకే చోట దిగుతున్నాయి. హుర్షిత్ ఎడమ చేతి మీద, మోచెయ్యి నుంచి మణికట్టు దాకా, కోటు చేతికి వేలాడుతూ ఒక గుత్తి పెరుగుతోంది. పడ్డప్పుడు ఎగిరిన రాణి అక్కడ వాలింది. దాని వెనకే అందరూ.

“కదలకు,” అంది ఆమె. గొంతు మామూలుగా ఉంచింది. “రాణి నీ చేతి మీదుంది.”

“తీసెయ్ మరి! తీసెయ్!”

“తీస్తాను. బుట్ట కింద పెడతాను. చేతిని ఒక్కసారి గట్టిగా కిందికి విదిలించు, గుత్తి మొత్తంగా అందులో పడుతుంది. కానీ ఆ డేగ ఉండగా కుదరదు. అది రెక్కలు కొడితే అన్నీ చెదిరిపోతాయి, రాణి నలిగిపోతుంది. ముందు దాన్ని వదిలెయ్.”

అతను కళ్ళు తెరిచాడు. ఒక కన్ను తెరిచాడనాలి, రెండోది మూసుకుపోయింది. “వదిలెయ్యాలా?”

“పట్టీ ముడి లాగితే చాలు.”

“రేపు తుఫానే! ఏడాదంతా దేనికోసం చూశానే నేను? ఇలాంటి డేగ పదేళ్ళలో దొరకలేదు. దీని కళ్ళు చూడు.”

“ఇంకో డేగను పడతావు. ఇంకా రెండు వారాలు కాలం ఉంది. నాకు ఇంకో రాణి రాదయ్యా. మగ ఈగలు పోయాయి, ఈ చలిలో కొత్త రాణి పుట్టినా జత కట్టదు. మా నాన్న ఈగలయ్యా ఇవి. నీకు దణ్ణం పెడతాను.”

నిజంగానే చేతులు జోడించింది. రక్తం కారుతున్న చేతులు. అతను ఆ చేతుల్ని చూశాడు, డేగను చూశాడు. సరిగ్గా అప్పుడే ఒక ఈగ డేగ రెక్క మీదుగా పాకి దాని కంటి దగ్గరికి చేరింది.

“కంట్లో కుడుతుందే!” అని అరిచి, హుర్షిత్ పక్కనున్న చెట్టు దగ్గరికి రెండంగల్లో పోయాడు. డేగను రెండో చేతికి మార్చుకున్నాడు. గుత్తితో నిండిన చేతిని బెరడు మీద పై నుంచి కిందికి గట్టిగా రాసేశాడు. గుమ్మానికి చెప్పు బురద తుడిచినట్టు.

ఆ చప్పుడు గురించి నాజిఫే ఒక్కసారే చెప్పింది, తడి పిండిని పిసికినట్టుంది అంది. ఇంక చెప్పలేదు. బెరడు మీద మిగిలిన ఆ ముద్దలో వేళ్ళు పెట్టి వెతికి రాణిని తీసింది. పొడుగాటి ఒళ్ళు నడుము దగ్గర నలిగిపోయింది. కాళ్ళు ఇంకా కదులుతున్నాయి, కాసేపటికి ఆగిపోయాయి.

“కొన్ని పోయుంటాయిలే,” అన్నాడు హుర్షిత్ వెనకనుంచి. “మిగతావి ఉన్నాయిగా. నేను దీన్ని లోపల పెట్టి వస్తా, చలికి వణుకుతోంది.” డేగను చొక్కాలోకి దోపుకుని బాట పట్టాడు. తిరిగి రాలేదు.

వచ్చింది కాజిమ్. గిన్నె తెచ్చుకున్నాడు. మొద్దు పడిందని హుర్షిత్ చెబితే, తేనె వానపాలవుతుందని పరిగెత్తుకొచ్చాడట. “దేవుడిచ్చింది నేలపాలు చేస్తే పాపం కదా వదినా,” అంటూ బతికున్న ఈగల మీదే మోకాళ్ళూని, పిల్లపురుగులున్న అట్టను కూడా చేత్తో ఊడ్చి గిన్నెలో వేసుకుంటున్నాడు. వేళ్ళు నాక్కుంటున్నాడు. ఆ నాలుక, ఆ మీసం, అందులో చిక్కుకుని గిలగిల్లాడుతున్న ఒక ఈగ! నాజిఫే వెనక్కి జరిగింది.

“తీసుకో కాజిమ్. అడుగున మట్టి కూడా ఉంది, దాన్నీ నాకి పో.”

“అంత కోపమెందుకు?” అన్నాడు నోటినిండా తేనెతో. గిన్నె నిండేదాకా లేవలేదు.

ఆమె మిగిలిన ఈగల్ని, రాణి లేక దిక్కు తోచక చెట్టు మొదట్లో ముద్దగా చేరినవాటిని, ఈకతో ఊడ్చి బుట్టలోకి తీసింది. పైన దుప్పటి కప్పి, అంచు కట్టి, బుట్ట వీపున వేసుకుంది. ఇంటివైపు పోలేదు. కొండ మీదికి, షాదియే ఇంటివైపు నడిచింది. ఆమె గుమ్మం చేరేసరికి దీపాలు పెడుతున్నారు, మొదటి చినుకులు పెంకుల మీద రాలుతున్నాయి.

షాదియే మొగుడు పోయిన మనిషి. ఒక ఆవు, ఒక ఈగల పట్టు, అందరి మీదా ఒక నోరు, అదీ ఆమె ఆస్తి. తలుపు తీసి, రక్తం చేతుల్ని, బుట్టను, గుడ్డలేని తలను చూసింది.

“మా వాడేనా?”

“రాణి పోయింది వదినా.”

“లోపలికి రా. మా తమ్ముడే, కాదనను. పదేళ్ళొచ్చేదాకా మా అమ్మ వాడికి ముద్ద కలిపి నోట్లో పెట్టింది. ఇప్పుడు వాడు పిట్టకి పెడుతున్నాడు. ఇచ్చిపుచ్చుకోవడం అంటే అదే అనుకుంటున్నాడు వెధవ.”

షాదియే పట్టు ఇంటి వెనక చూరు కింద నేల మీదే ఉంది. ఇద్దరూ వానలో తడుస్తూ దానికి రాళ్ళెత్తారు, తీగలతో చూరు స్తంభానికి బిగించారు. తరవాత ఆ ఈగల మీదా, బుట్టలోని ఈగల మీదా పుదీనా కాచిన తీపి నీళ్ళు చల్లారు. వాసన ఒకటైతే పరాయివాళ్ళని గుర్తుపట్టి చంపుకోవు. వెనక మూత తీసి, దిక్కులేని ఈగల్ని ఆ పట్టులోకి పోశారు. తాను ఎప్పుడో ఇచ్చిన పట్టే. అందులోని రాణిదీ చచ్చిపోయిన రాణి వంశమే. నాజిఫే చెవి మొద్దుకు ఆనించి చాలాసేపు విన్నది. కొట్లాట చప్పుడు లేదు. అప్పుడు ఏడ్చింది.

తుఫాను వచ్చింది, పోయింది. చెస్ట్‌నట్ పంగ విరిగి పడిందట, ఎలాగూ పడేదే. మర్నాడు మధ్యాహ్నానికి కాజిమ్ ఒక పుల్లకు గుచ్చిన పూరేడు పిట్టల్ని పట్టుకుని కొండెక్కాడు.

“మా వాడు పంపాడు వదినా. ఆ డేగ ఏం డేగ! మా వాడికి ఒక కన్ను వాచి ఉన్నా, విసిరితే ఒక్కటీ తప్పలేదు. ఊరంతా అదే మాట. ఈగల గుంపులో నిలబడి డేగను వదల్లేదంటే మాటలా? మగాడంటే వాడే అంటున్నారు.”

“మొద్దు ఎలా పడిందని చెప్పాడు?”

కాజిమ్ కొంచెం నసిగాడు. “నువ్వు తలగుడ్డ ఎగరేసి డేగను బెదరగొట్టావని... గాలికే అనుకో. ఆడవాళ్ళు చెట్లెక్కితే ఇంతే అని అందరూ...”

“అందరూ?”

“నేనేం అనలేదు.”

నాజిఫేకి కోపం కూడా రాలేదు, ఒట్టి రోత పుట్టింది. షాదియే పిట్టల్ని తీసుకుంది. “పాపం పిట్టలేం చేశాయి,” అని ఈకలు పీకి, వెన్న వేసి వేయించి, శుభ్రంగా తిన్నది. నాజిఫే ఆ వాసనకి బయటికి పోయి ఈగల దగ్గర కూర్చుంది. పట్టు నిలదొక్కుకునేదాకా ఉంటానంది. ఇంకెన్నాళ్ళని షాదియే అడగలేదు.

డేగల కాలం అయిపోయింది. మావాళ్ళు డేగను చలికాలం ఉంచుకోరు, వదిలేస్తారు. వదిలిన మర్నాడు హుర్షిత్ కొండెక్కి వచ్చాడు. గడ్డం గీసుకున్నాడు, ఉతికిన చొక్కా వేసుకున్నాడు. అతన్ని చూసి షాదియే ఆవు దగ్గర పని ఉందని వెళ్ళిపోయింది. నాజిఫే టీ పోసింది. ఆ ఉదయమే ఆమె తన బట్టలు మూట కట్టడం మొదలుపెట్టిందని షాదియే తరవాత చెప్పింది. తమ్ముడు వస్తున్నాడని కబురు అందింది మరి.

“నిన్న వదిలేశానే,” అన్నాడు హుర్షిత్. “గట్టు మీదికి తీసుకెళ్ళి, కడుపు నిండా పెట్టి, కాళ్ళ తోలు పట్టీ కోసేశాను. అది పోలేదే! చేతి మీదే కూర్చుని నా మొహంలోకి చూసింది. అప్పుడన్నాను, ‘నిన్ను కట్టేశాను, ఆకలితో ఉంచాను, నిద్ర పోనివ్వలేదు. నా వల్ల నీకు జరిగిందంతా మన్నించు’ అని.”

కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మా వైపు ఈ మాట ఊరికే అనరు. పడవెక్కేవాడు అంటాడు, పట్టాళానికి పోయేవాడు అంటాడు, చావుమంచం మీదున్నవాడు అంటాడు. విన్నవాళ్ళు మన్నించానని నోటితో చెప్పాలి. చెప్పకపోతే ఆ బరువు అన్నవాడి మీదే ఉండిపోతుంది. పిట్టనే మన్నించమని అడిగినవాడు ఇంత దూరం ఎక్కి వచ్చింది కూడా అందుకేనని నాజిఫే అనుకుంది. చెప్పాల్సిన మాట ఆమె నోటి దాకా వచ్చి ఉంది. టీ గ్లాసు చేత్తో పట్టుకుని ఆగింది.

హుర్షిత్ కళ్ళు తుడుచుకున్నాడు, టీ ఒక గుక్క తాగాడు.

“ఇంతకీ,” అన్నాడు, “మొక్కజొన్న పిండి ఎక్కడ పెట్టావే? వారం నుంచి వెతుకుతున్నా.”

నాజిఫే అతన్ని చూసింది. వాపు తగ్గిన ఆ కన్ను, ఆ పెదవి, ఆ నోరు.

“మెట్ల కింద పెట్టెలో,” అంది.

లేచి లోపలికి పోయి, గాజు పళ్ళెంలో చిన్న తేనె అట్ట ముక్క, చెంచా, వేడి రొట్టె తెచ్చి అతని ముందు పెట్టింది. నడుముకి ఎత్తుగా దిండు వేసింది. హుర్షిత్ సంతోషంగా తిన్నాడు. “ఇవాళ మర్యాదలు జోరుగా ఉన్నాయే!” అన్నాడు.

“కొండెక్కి వచ్చావు కదా, తిను,” అంది నాజిఫే.

తిని, మూతి తుడుచుకుని, వెళ్దామా అన్నట్టు ఆమె వైపు చూసి, గుమ్మం దగ్గరికి వచ్చాడు. అతను విడిచిన బూట్లు బాట వైపు తిప్పి, పక్కపక్కన, వేసుకోవడానికి వీలుగా పెట్టి ఉన్నాయి. వెళ్ళిపోయే అతిథికి చేసే మర్యాద అది. ఇంటి మనిషి బూట్లు మా వైపు ఎవరూ తిప్పరు.

హుర్షిత్ వాటిని చూస్తూ చాలాసేపు గుమ్మంలోనే నిలబడ్డాడు. తరవాత వేసుకుని, కొండ దిగిపోయాడు.